సోమవారం ఒక్కపొద్దు



2025లో తెలంగాణ రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇవ్వడం మొదలైనప్పుడు మా వీధిలో కొన్నాళ్లు అదే ముచ్చట. అన్నం పొడిపొడిగా వస్తోందా, ముద్దవుతోందా, నూక ఎంత ఉంది? ఆ మాటలు వింటూంటే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడకు రేషన్ అనే మాట నోరు తిరిగేది కాదు. చివరిదాకా 'కంట్రోలు బియ్యం' అనే అనేది. 'కంట్రోలు' అన్నప్పుడల్లా ఆవిడ గొంతులో కాస్త వెటకారం, కాస్త భయం కలిసి వినిపించేవి. ఆ భయం ఎక్కడిదో ఈవేళ మీతో చెప్పాలనిపించింది.

అత్తవాళ్లది బాన్సువాడ దగ్గరి మహమ్మద్ నగర్. అప్పుడది నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. మంజీర నదికి అడ్డంగా 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆ ప్రాంతానికి ప్రాణం. కాలువ నీళ్లు, వరి మళ్లు, చెరుకు తోటలు. అటువంటి చోట కరువేమిటని మీరు అడగవచ్చు. నేనూ చిన్నప్పుడు అడిగాను. "పండుడు వేరు బిడ్డా, వండుడు వేరు" అంది అత్త.

1955 జనవరిలో మద్రాసు దగ్గరి ఆవడిలో కాంగ్రెసు మహాసభ 'సోషలిస్టు తరహా సమాజం' మన గమ్యమని తీర్మానించింది. ఉక్కు కర్మాగారాలు, పెద్ద యంత్రాలు, పంచవర్ష ప్రణాళికలు వచ్చాయి. మంచిదే. కాని తిండిగింజల విషయంలో సర్కారు మరో ఇంటి గాదె మీద ఆశ పెట్టుకుంది. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరింది. గోధుమలు వాళ్లు పంపుతారు, ధర మనం రూపాయల్లో చెల్లిస్తాం. డాలర్లు లేని ఇంటికి అది అరువు బేరం లాంటిది. అరువిచ్చిన షావుకారు ఏదో ఒకనాడు ఇంటి సంగతుల్లో వేలు పెట్టకుండా ఉంటాడా?

1965లో ఆ రోజు వచ్చింది. వానలు మొండికేశాయి. సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం. అమెరికా సాయం ఆపేసింది. అంతకుముందు ఏడాది 8.9 కోట్ల టన్నులు పండిన తిండిగింజలు ఆ ఏడాది 7.2 కోట్ల టన్నులకు పడిపోయాయి. ప్రెసిడెంటు జాన్సన్ దీర్ఘకాలపు ఒప్పందం మాట పక్కనపెట్టి, గోధుమ ఓడలను కొద్దికొద్దిగా, తాను సరేనన్నప్పుడే కదలనిచ్చాడు. వ్యవసాయ విధానం మార్చుకోండి అని ఒక షరతు. 1966లో వియత్నాం మీద బాంబులు ఆపాలని ఇందిరాగాంధీ ప్రభుత్వం గట్టిగా అడిగితే ఆయనకు కోపం వచ్చింది, ఓడలు మరింత ఆలస్యమయ్యాయి. ఓడ రేవుకు చేరితేనే ఇక్కడ పొయ్యి మీదికి ఎసరు ఎక్కే బతుకైంది. అయినా న్యాయం చెప్పుకోవాలి: 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యం బయటినుంచి రాకపోయి ఉంటే బీహారు కరువులో ఎన్ని ప్రాణాలు పోయేవో.

ఇక వంటింట్లోకి వద్దాం. నిజానికి ఆ యుద్ధంలో సగం అక్కడే జరిగింది.

కంట్రోలు దుకాణంలో బియ్యం తగ్గి గోధుమలు పెరిగాయి. ఎర్రని గోధుమలు. బాన్సువాడ ప్రాంతంలో ఆడవాళ్లకు జొన్నరొట్టె తట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. వేడినీళ్లతో పిండి కలిపి అరచేత్తో తట్టితే చంద్రబింబమే. అదే చేత్తో గోధుమపిండి తట్టబోతే జిగటగా వేళ్లకు అంటుకునేది. కర్రతో ఒత్తాలని తెలియని ఇళ్లలో గోధుమలను రవ్వగా పట్టించి అన్నంలా వండేవారు. చారు పోసుకుంటే జావ, పోసుకోకపోతే ముద్ద. నేను అప్పుడు మూడో తరగతి. మా బడిలో గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. మాకు పండగ. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఆ గోధుమలంటే చిన్నతనం. ఎవరింట గోధుమలు దంచిన చప్పుడు వినబడితే వారింట బియ్యం అయిపోయాయని ఊరంతా తెలిసేది.

వయ్యారిభామ మొక్క చూశారు కదా, ఒంటికి తగిలితే దురద పుట్టించేది? అది ఆ గోధుమల సంచుల్లోనే వచ్చిందని మనవాళ్ల గట్టి నమ్మకం. 1950ల్లో పూనా ప్రాంతంలో దాన్ని గుర్తించారు. దానికి కాంగ్రెసు గడ్డి అని పేరు పెట్టింది కూడా జనమే.

చక్కెర సంగతి మరీ విడ్డూరం. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉండనే ఉంది. చెరుకు బండ్లు వాకిలి ముందునుంచే పోయేవి. చక్కెర మాత్రం కార్డు మీదే. అత్త బెల్లం చాయ్ కాచేది. అంత దూరాన కలకత్తాలోనూ అదే గతి. పాలు మిగల్చడానికని 1965లో అక్కడి ప్రభుత్వం రసగుల్లా, సందేశ్ వంటి మిఠాయిలనే నిషేధించింది.

అప్పుడే ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానుకోమని దేశాన్ని కోరారు. తన ఇంట్లో ముందు మాన్పించి, తర్వాతే మనల్ని అడిగారు. హోటళ్లు కూడా సోమవారం సాయంత్రం మూతపడ్డాయి. ఆ మాట మహమ్మద్ నగర్‌కు చేరినప్పుడు అత్త నవ్విందట. "మాకు కొత్తనా బిడ్డా? సోమారం శివునికి ఒక్కపొద్దు ఉండనే ఉంటిమి. ఇప్పుడు శాస్త్రికి కూడ ఉంటున్నం." తర్వాత కాస్త గొంతు తగ్గించి, నాట్లు వేసే కూలి ఆడవాళ్ల మాట చెప్పింది. వాళ్లకు ఏడు రోజులూ సోమవారమే. ఆ పొద్దుల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. శాస్త్రిగారిమీద నాకు అపారమైన గౌరవం, కాని ఈ మాట చెప్పకుండా ఉండలేను.

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలున్నది 7.50 అయింది. ప్రపంచ బ్యాంకు, అమెరికా ఒత్తిడి దాని వెనక ఉంది. ఇస్తామన్న సాయం అన్నంత రాలేదు. తప్పంతా బయటివాళ్లదేనా? నేననుకోను. పదేళ్లపాటు చౌకగా వచ్చిన గోధుమలు మన రైతుకు గిట్టుబాటు ధర అడగనీయలేదు, మన పాలకులకు తొందర పుట్టనీయలేదు. ఒత్తిడి నొప్పి పెట్టాకే కొత్త విత్తనాల మీదికి చూపు మళ్లింది. ఐ.ఆర్. 8 వరి వచ్చింది. దిగుబడి ఘనం, అన్నం మాత్రం చల్లారితే గట్టిపడేది. 1971 చివర్లో మన దేశం ఆ రాయితీ గోధుమలు వద్దనుకుంది. మనం రూపాయల్లో చెల్లించగా పేరుకున్న నిలువలో 1,664 కోట్లకు 1974లో అమెరికా రాయబారి మనకే చెక్కు రాసిచ్చారు.

అసలు అత్త భయం సంగతి ఇంకా చెప్పలేదు. ఉన్న ధాన్యం దాటిపోకుండా సర్కారు దేశాన్ని జోన్లుగా విడదీసింది. అనుమతి లేకుండా బియ్యం రాష్ట్రం దాటకూడదు. అత్త కూతురిని దెగ్లూరులో ఇచ్చారు. 1956 వరకు దెగ్లూరూ బాన్సువాడా ఒకే హైదరాబాదు రాష్ట్రం. తర్వాత అది బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి పోయింది. బిడ్డకు ఒడిబియ్యం పోసి పంపుతూ, బండిలో సీటు కింద మరో చిన్న మూట పెట్టింది అత్త. బాలింత కదా, నాలుగు రోజులు మంచి అన్నం తింటుందని. సరిహద్దు దగ్గర తనిఖీ మనిషి మూట దింపించాడు. ఒడిలోని బియ్యమూ చూపమన్నాడు. వదిన చీరకొంగు విప్పింది. పసుపు, కుంకుమ కలిసిన బియ్యం, ఎండుకొబ్బరి, ఖర్జూరాలు. అతను చూసి, తల తిప్పుకుని, పొమ్మన్నాడు. తెల్లబియ్యం మాత్రం అక్కడే ఉండిపోయాయి.

ఆ మరుసటి ఏడు వదిన మళ్లీ పుట్టింటికి వచ్చి తిరుగు ప్రయాణమైనప్పుడు, అత్త రాత్రంతా కూర్చుని బస్తాడు బియ్యానికీ పసుపు పట్టించింది. దెగ్లూరులో వాళ్లు రెండు నెలలు పచ్చని అన్నమే తిన్నారు.