ఆండ్రోమెడాలోని చిన్న మేఘము

శరదృతువున మబ్బులు విడిపోయి ఆకాశము తేటపడును. కార్తీకమాసమున, నవంబరు నడుమ, రాత్రి ఎనిమిది గంటలకు తల యెత్తి చూచినచో నడినెత్తి చేరువను నాలుగు చుక్కల పెద్ద చతురస్రము కనబడును. లోపల చెప్పుకోదగిన చుక్క లేకపోవుటయే దాని గుర్తు. పడమటి చుక్కలు రెండును మన పంచాంగములోని పూర్వాభాద్ర; తూర్పువి ఉత్తరాభాద్ర. పాశ్చాత్యులు దీనిని పెగాసస్ చతురస్రమందురు. కాని ఈశాన్యపు మూల చుక్కను ఆండ్రోమెడా మండలమునకు ఇచ్చివేసిరి.

ఆ మూలనుండి ఈశాన్యముగా పోయి, ఒక మసక చుక్కను దాటిన పిమ్మట వచ్చు ప్రకాశవంతమైన చుక్కవద్ద ఆగవలెను. అచటనుండి వాయవ్యముగా తిరిగి రెండు చిన్న చుక్కలు లెక్కించినచో, రెండవదాని చెంత దూదిపింజవంటి మరక యున్నది. చంద్రుడు లేని రాత్రి, ఊరి దీపములకు దూరముగా నిలిచి, ఓరచూపుతో చూడవలెను. తిన్నగా చూచిన జారిపోవును!

పారసీక జ్యోతిర్వేత్త అల్ సూఫీ 964 ప్రాంతమున దీనిని చిన్న మేఘమని వ్రాసెను. 1612లో సైమన్ మారియస్ దూరదర్శినితో చూచి, పలుచని కొమ్ముపొరగుండా కనిపించు కొవ్వొత్తి వెలుగుతో పోల్చెను. ఈ మేఘము మన పాలపుంతలోనిదా, వెలుపలిదా? 1920లో వాషింగ్టనులో షాప్లీ, కర్టిస్ అను పండితులు ఇట్టి మేఘములను గూర్చియే వాదించిరి; తేలలేదు. దూరము కొలుచు సాధనము లేనిదే వాదము తేలునా?

సాధనము అప్పటికే యున్నది. హార్వర్డు వేధశాలలో ఫొటో పలకలను పరిశీలించు హెన్రియెటా లీవిట్ 1912లో ఒక నియమము ప్రకటించెను. సెఫీడులను నక్షత్రముల వెలుగు క్రమముగా హెచ్చి తగ్గుచుండును. ఆ ఆవృత్తికాలమెంత దీర్ఘమో నిజమైన వెలుగంత అధికము. నిజమైన వెలుగు తెలిసిన దీపము ఎంత మసకగా కనబడుచున్నదో చూచి దూరము లెక్కింపవచ్చును గదా.

1923 అక్టోబరు 5–6 రాత్రి ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ మీది నూరంగుళముల దూరదర్శినితో ఈ మేఘమును ఫొటో తీసెను. మూడు చుక్కలను నవతారలనుకొని పలకపై గుర్తు పెట్టెను. పాత పలకలతో సరిచూడగా వానిలో నొకటి పూర్వమునుండి యున్నదే! దాని వెలుగు సుమారు 31 రోజుల కొకమారు హెచ్చి తగ్గుచున్నది. అది సెఫీడు. హబుల్ లెక్కకు దూరము సుమారు 9 లక్షల కాంతిసంవత్సరములు వచ్చినది. మేఘము పాలపుంతకు ఎంతో వెలుపల నున్న మరియొక పాలపుంతయే. లీవిట్ ఈ ఫలితమును చూడలేదు. ఆమె 1921లో గతించెను.

సెఫీడులు రెండు తెగలని 1952లో వాల్టర్ బాడే తెల్పగా ఆ దూరము రెట్టింపైనది. నేటి కొలత సుమారు 25 లక్షల కాంతిసంవత్సరములు.