నాలుగు కొయ్య బిరడలు



ఆరాధన గంట మ్రోగకమునుపు దేవాలయములో ఒక మూల చాపపై కూర్చుండి ఫిడేలు శ్రుతి చేయు మనుష్యుని చూచి విసుగుకొనని సంఘము నాకు తెలిసినంతలో లేదు. కుంయి కుంయిమని తీగె మ్రోయును, అతడు చెవి వంచి వినును, బిరడ త్రిప్పును, మరల మ్రోయించును. పెద్దలలో ఒకరు, "ఇంకెంతసేపయ్యా?" అందురు. పిల్లలు నవ్వుదురు. కాపరినైన నేనును గడియారము చూచుకొనుచు అనేక పర్యాయములు ఆ మాటనే పలికితిని. అట్లు పలికినందుకు ఒకసారి నాకు తగిన ఫలమే కలిగెను. దానిని తరువాత చెప్పెదను. ముందుగా ఆ బిరడల చరిత్రను మీ యెదుట ఉంచగోరుచున్నాను. ఏలయనగా ఆ చరిత్ర తెలియనందుననే మన సంఘములలో ఫిడేలును గూర్చి రెండు విధములైన తప్పు మాటలు వినబడుచున్నవి.

ఫిడేలు ఇప్పుడున్న రూపమున పదునారవ శతాబ్దములో ఇటలీ దేశపు ఉత్తరభాగమున పుట్టినది. క్రెమోనా అను పట్టణములో ఆంద్రెయా అమాతి అను శిల్పి దానిని చేయుచుండెను. ఆ పట్టణములోనే 1737లో మరణించిన స్త్రదివారి చేతి వాద్యములను నేటికిని లోకమంతయు గొప్పగా ఎంచుచున్నది. ఆనాటి నుండి ఆ వాద్యములో కొన్ని భాగములు మారినవి. మెడ పొడవాయెను, తీగెలు మారినవి. బిరడ మాత్రము ఇంచుమించు ఆనాటిదే. ఒక చివర వ్రేళ్లతో పట్టుకొనుటకు చెవివంటి పలక, మరియొక వైపు క్రమముగా సన్నగిలు కాడ. ముప్పది పాళ్ల పొడవునకు ఒక పాలు చొప్పున సన్నగిలునట్లు దానిని చెక్కుట నేటి శిల్పుల పద్ధతి. వాద్యపు తలయొద్దనున్న చిన్న పెట్టెకు ఇరుప్రక్కల రంధ్రములుండును. వాటిలో ఈ కాడ ఇమిడియుండును. దానిని పట్టి నిలుపుటకు మేకుగాని మరగాని లేదు. కొయ్యను కొయ్య పట్టుకొనియుండును, అంతే. పాశ్చాత్య శ్రుతిలో నాలుగు తీగెలు కలిసి 20 కిలోలకు పైబడిన బలముతో లాగుచుండగా, ఈ నాలుగు చిన్న కొయ్యలు జారక నిలుచుట నాకెప్పుడును ఆశ్చర్యమే.

మరియొక సంగతి గమనింపుడి. బిరడలను తరచుగా ఎబొనీ అను నల్లకొయ్యతోనో, మన అడవులలోని జిట్రేగి వంటి కొయ్యతోనో చేయుదురు. ఎబొనీ చెట్టు మన తునికి చెట్టు వంశములోనిదే. సిరిసిల్ల, కోనరావుపేట ప్రాంతములలో మన అక్కచెల్లెండ్రు బీడీలు చుట్టు ఆకు ఏ చెట్టుదో మీరెరుగుదురు గదా! బిరడలు దిగు పెట్టెను మాత్రము మేపుల్ అను చలిదేశపు చెట్టుతో చేయుదురు. వేడిదేశపు కొయ్య చలిదేశపు కొయ్యలో కాపురముండుట. ఎండ తగిలినను వాన తగిలినను రెండును ఒకే మేర మారవు. చిక్కంతయు అక్కడనే యున్నది.

ఈ వాద్యము మన దేశమునకు ఐరోపావారి ఓడలలో వచ్చెను. మద్రాసులో వారి వాద్యగాండ్రు వాయించుచుండగా విని, నేర్చి, దానిని కర్ణాటక సంగీతమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు బాలుస్వామి దీక్షితులు. ఈయన 1786లో జన్మించెను. కీర్తనకారుడైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు. అదే కాలపు మరియొక విద్వాంసుడు వడివేలునకు తిరువాన్కూరు మహారాజైన స్వాతి తిరునాళ్ 1834లో దంతపు ఫిడేలును బహూకరించెను. అనగా పరదేశపు వాద్యము యాబది యేండ్లైనను తిరుగకమునుపే రాజాస్థానములో గౌరవము పొందెను.

అది ఏలాగు సాధ్యమాయెను? మనవారు ఆ వాద్యమును కోయలేదు, మరల చెక్కలేదు, బిరడలను త్రిప్పిరి. పాశ్చాత్యులు ప్రతి తీగెకును దాని ప్రక్క తీగెకును నడుమ షడ్జ పంచమముల ఎడమును ఉంచుదురు. మనవారు మొదటి రెండు తీగెలను ఆ లెక్కలోనే విడిచి, పై రెండు తీగెలను ఒక్కొక్క స్వరము మేర సడలించిరి. అంతట నాలుగు తీగెలు మంద్ర షడ్జము, మంద్ర పంచమము, మధ్య షడ్జము, మధ్య పంచమము ఆయెను. పిమ్మట గాయకుని గొంతు ఎచ్చట నిలుచునో అచ్చటికి మొత్తము శ్రుతిని దించిరి. నిలువబడి గడ్డము క్రింద పట్టుకొనుటకు బదులు నేలపై కూర్చుండి, వాద్యపు తలను కుడికాలి చీలమండపై ఆనించిరి. అది పాడువారి సరసన చాపమీద కూర్చుండెను.

పాశ్చాత్య దేశములలో శ్రుతి కథ వేరు. 1711లో జాన్ షోర్ అను ఇంగ్లీషు వాద్యకారుడు రెండు కొమ్ముల ఉక్కు శ్రుతిదండమును కనిపెట్టెను. అటుపిమ్మటను చిరకాలము ఒక్కొక్క పట్టణమున ఒక్కొక్క శ్రుతి నడిచెను. 1939లో లండనులో కూడిన సభవారు క్షణమునకు 440 కంపనములు అని నిర్ణయించిరి. 1955లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థవారు దానిని స్థిరపరచిరి. మన సంగీతమున అట్టి అంకె లేదు. పాడువాని గొంతే దండము.

తెలుగువారి ఫిడేలు చరిత్ర చెప్పవలెనన్న విజయనగరము పోవలెను. అక్కడి మహారాజు 1919లో సంగీత కళాశాలను స్థాపించెను. హరికథా పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు దాని ప్రథమాధ్యక్షులు. ఆ యేటనే ఫిడేలు ఆచార్యులుగా ప్రవేశించినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఆయన 1893లో బెంగుళూరులో జన్మించి, విశాఖపట్టణములో పెరిగి, అన్నగారి యొద్ద ఫిడేలు నేర్చిరి. ఆయనకు చూపు మందము. కన్ను తక్కువైనవారికి చెవియే దీపమగునేమో! 1936లో ఆయన ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1941లో సంగీత కళానిధి బిరుదును, 1957లో పద్మశ్రీని పొందిరి. 1964లో కాలధర్మము చెందిరి. చూపు చాలనివాడు సభలో మొట్టమొదట వెదకునది బిరడను; తీగె సరిగా పలికినదో లేదో చెప్పునది అతని చెవి.

ఇక మన దేవాలయములకు వత్తము. మన కరీంనగరు ప్రాంతపు సంఘములలో అనేకములు వెస్లియన్ మిషనువారి పరిచర్య వలన కలిగి, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘములో చేరినవి. దొరలు తెచ్చిన పాటలు వారి రాగములలోనే తెలుగు మాటలతో వచ్చెను. వాటి ప్రక్కనే మన కీర్తనలును నిలిచెను. 1803లో పుట్టి 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు లేని సంఘమేది? మీ యింటనున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి: పాటపాటకును పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసియుండును. మనలో చాలమంది దానిని చదువక దాటిపోవుదుము. ఆ రెండు మాటలు అచ్చువేసినవారు మనము ఈ దేశపు రాగములలో పాడవలెనని కోరిరి.

ఇక్కడ హార్మోనియమును గూర్చి ఒక మాట. అది మన సంఘములకు ఎంతో సేవ చేసినది. నేను దానిని నిందింపను. అయితే దాని స్వరములు ముందే బిగింపబడినవి. మీట నొక్కిన ఆ స్వరమే పలుకును. రెండు మీటల నడుమ జారు గమకమును అది పలుకలేదు. ఈ కారణము చేతనే 1940లో ఆకాశవాణివారు దానిని తమ నిలయముల నుండి తొలగించి, 1971 వరకు ఆ కట్టడిని సడలింపలేదు. ముప్పది యేండ్లు వెలివేయుట మితిమీరిన కఠినమని నా అభిప్రాయము. కాని వారి చెవికి తోచిన లోపము నిజమే. హార్మోనియము వెంట సంఘము నడువవలెను. ఫిడేలు సంఘము వెంట నడువగలదు.

తప్పు మాటలు రెండంటిని. మొదటిది: ఫిడేలు దొరల వాద్యము, మన పల్లెకు తగదు. రెండవది దానికి సరిగా వ్యతిరేకము: అది కచేరీలవారిది, అన్యుల గుళ్లలోనిది, విశ్వాసులకు తగదు. ఒకే సంఘములో ఒకే ఆదివారమున ఈ రెండు మాటలను వింటిని! ఒకే వాద్యము ఒకరికి మరీ పరాయిదిగాను, మరియొకరికి మరీ స్వదేశపుదిగాను కనబడినది. కొయ్యకు మతము లేదు. బిరడను ఎవరి గొంతుకు త్రిప్పుదుమో వారిదగును. దావీదు సౌలు ఎదుట వాయించిన వాద్యమును మన తెలుగు బైబిలు సితారా అనుచున్నది. హెబ్రీ భాషలో దాని పేరు కిన్నోర్. మన తెలంగాణ పల్లెలలో కథ చెప్పువారు సొరకాయ బుఱ్ఱలు కట్టి వాయించు కిన్నెర పేరు వెంటనే జ్ఞాపకము వచ్చును. ఆ కిన్నెర వాయించిన దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించెను. పేర్లు పోలియున్నవని దానిపై మేడ కట్టుట సెమినరీలో మాకు నేర్పిన పద్ధతి కాదు గనుక అంతటితో ఆపుదును. 137వ కీర్తనలో చెరపట్టబడినవారు తమ సితారాలను బబులోను నదుల యొద్ద చెట్లకు తగిలించిరి. నదీతీరపు తేమలో ప్రేగుతీగెలు ఎంతగా శ్రుతి తప్పియుండునో! ఫిడేలు పట్టినవాడు ఆ కీర్తన చదివిన ఆ ఆలోచన రాక మానదు.

ఇప్పుడు నా కథ. 2003లో ఈస్టరు పండుగ ఏప్రిల్ 20న వచ్చెను. కోనరావుపేట ఎండలు మీకు తెలియనివి కావు. మూలవాగు ఇసుకయై పోవును, తలుపుల నడుమ సందులు పడును. తెల్లవారు ఆరాధనకు జనులు కూడియున్నారు. మా వృద్ధ ఉపదేశి ఫిడేలు శ్రుతి చేయుచున్నారు. మూడవ బిరడ నిలువదు. బిగించిన వెంటనే గిర్రున తిరిగి తీగె వదులగును. ఎండకు కాడ సన్నబడినది. ఆయన సుద్దముక్క కొరకు సంచి వెదకుచుండగా, ఓర్పులేని నేను వాద్యమును చేతి నుండి తీసికొని బిరడను అరచేతితో గట్టిగా గ్రుద్దితిని. అది నిలిచెను. ఆరాధన చక్కగా జరిగెను. నా ఉపాయమును నేనే మెచ్చుకొంటిని.

ఆగస్టు వచ్చెను. వానలకు కొయ్య ఉబ్బెను. ఇరుకు రంధ్రములో బలవంతముగా దిగియున్న బిరడకు పెరుగుటకు చోటు లేకపోయెను. ఒక ఉదయమున పెట్టె తెరచి చూడగా, బిరడ రంధ్రము నుండి అంచు వరకు పగులు. ఉపదేశి నన్నేమియు అనలేదు. పగులుపై బొటనవ్రేలు రాచి, "కట్టె ఊపిరి తీస్తది అయ్యగారూ. ఎండకు సన్నగైతది, వానకు లావైతది. దానికి తావు ఇడువాలె," అనిరి. ఆయన నేతపనివారి కుటుంబములోనివారు. పడుగు బిగువు ఎంత ఉండవలెనో చిన్ననాడే వ్రేళ్లతో నేర్చినవారు. బిగువు తక్కువైన నేత వదులు, ఎక్కువైన పోగు తెగును. సిరిసిల్లలో ఇది తెలియని యిల్లు లేదు. సెమినరీలో చదివిన నాకు మాత్రము తెలియలేదు.

పగులు అతికించుటకును, క్రొత్త బిరడ చెక్కించుటకును చాల నెలలు పట్టెను. ఆ క్రిస్మసునకు మేము డోలకుతోనే పాడితిమి. ఆ తరువాత ఉపదేశి నన్ను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పిన సంగతులను, మీ సంఘములో ఫిడేలు ఉన్న యెడల ఉపయోగపడునని, వ్రాయుచున్నాను. బిరడను త్రిప్పునప్పుడు కొంచెము లోనికి నొక్కుచు త్రిప్పవలెను, గ్రుద్దరాదు. స్వరమును దాటిపోయినచో బాగుగా దించి, క్రింది నుండి మరల పైకి తేవలెను. తీగెను బిరడకు చుట్టునప్పుడు చివరి చుట్లు పెట్టె గోడ వైపునకు చేరవలెను. అప్పుడు తీగెయే బిరడను లోనికి పట్టి యుంచును. జారు బిరడకు సుద్ద, బిగిసిన బిరడకు పొడి సబ్బు, రెండును పిసరంతయే. క్రొత్త తీగె కొన్ని దినములు సాగుచునే యుండును. దానిపై కోపపడి ప్రయోజనము లేదు. నాలుగు తీగెలను ఒక్కమారుగా ఎన్నడును విప్పరాదు. విప్పినచో గుఱ్ఱము పడిపోవును, లోపల నిలిచియున్న చిన్న కొయ్యపుల్లయు పడిపోవచ్చును. ఆ పుల్లను ఇటలీవారు తమ భాషలో ఆత్మ అని పిలుతురు. దీనిపై ప్రసంగము చేయుటకు నాకెంతో ఆశ కలిగినను, చేయక విడిచితిని. ఫిడేలును రేకుల కప్పు క్రింద, కిటికీ ఎండలో ఉంచకుడి. నేడు లోపల పళ్లచక్రములు దాచిన క్రొత్త బిరడలు దొరకుచున్నవి. అవి జారవు, బిగియవు. చేతిలో పైకము గల సంఘము వాటిని కొనుట మంచిదే.

మా ఉపదేశి ఇప్పుడు లేరు. కీబోర్డు కొనవలెననియు, ఫిడేలును అమ్మివేయవలెననియు మా పెద్దల సభలో మాట వచ్చెను. కీబోర్డు కొనుడి, యౌవనస్థులకు అది ఇష్టము, నాకు అభ్యంతరము లేదంటిని. ఫిడేలును అమ్ముటకు మాత్రము నేను చేయి ఎత్తనంటిని. ఆ చర్చ ఇంకను ముగియలేదు.

ఈలోగా ఉపదేశిగారి మనుమరాలు దానిని వాయించుచున్నది. ఆమె ఫోనులో శ్రుతి చూపు సాధనము కలదు. దానిని ముందుగా చూచును. పిమ్మట ఫోనును ప్రక్కన పెట్టి, మొదటి వరుసలో కూర్చుండు ముసలమ్మ వైపు తిరిగి, "అవ్వా, ఒక్క చరణం అను," అనును. అవ్వ పాడును. ఆమె గొంతు చలికాలమున ఒక చోట, ఎండకాలమున మరియొక చోట నిలుచును. పిల్ల విని, నాలుగు బిరడలను దానికి సరిగా త్రిప్పును. దీనికి పది నిమిషములు పట్టును. గంట ఆ తరువాతనే కొట్టుమని నేను చెప్పియున్నాను. గడచిన ఆదివారము రెండవ చరణము నడుమ ఒక బిరడ జారెను. సంఘము పాడుచునే యుండెను. పిల్ల కమానును ఒడిలో పెట్టి, లోనికి నొక్కుచు మెల్లగా త్రిప్పి, మూడవ చరణమునకు మాతో కలిసెను.