నాస్తికత, సందేహం, మౌనం: సామఞ్ఞఫల సుత్త సాక్ష్యం

బౌద్ధం నాస్తికమా అన్న ప్రశ్నకు సమాధానం ఆ పదచరిత్రలోనే వెదకాలి. పాణిని సూత్రానికి కాశికావృత్తి చెప్పిన అర్థం ప్రకారం పరలోకం ఉందనేవాడు ఆస్తికుడు, లేదనేవాడు నాస్తికుడు. ఈశ్వరుని ప్రసక్తి అక్కడ లేదు. వేదనిందకుడే నాస్తికుడన్నది మనుస్మృతి మాట.

దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో అజాతశత్రువు తాను విన్న ఆరుగురు ఆచార్యుల మతాలను బుద్ధునికి నివేదిస్తాడు. అజిత కేశకంబళి దృష్టిలో దానానికి ఫలం లేదు, పరలోకం లేదు. నాలుగు మహాభూతాల దేహంతోనే మనిషి ముగిసిపోతాడు. పాలిలో ‘నత్థికవాదం’ అంటే ఇదే. దీనిని నిరీశ్వరవాదమని అనువదిస్తే, సుత్తాలు ఖండించిన పక్షంలోకి బుద్ధుడినే నెట్టినట్లవుతుంది. సంజయ బేలట్ఠిపుత్తుడు ఉందనడు, లేదనడు, రెండూ కాదనీ అనడు. అందరిలోకీ ఇతడే మూఢుడని రాజు తీర్పు. అది కాస్త కటువైనదే. సారిపుత్త, మొగ్గల్లానులు మొదట ఇతని శిష్యులే కదా.

బుద్ధుడూ కొన్ని ప్రశ్నలకు ఉత్తరమివ్వలేదు. అంతమాత్రాన ఆయన అజ్ఞేయవాది కాడు. లోకం శాశ్వతమా, తథాగతుడు మరణానంతరం ఉంటాడా అన్నవి దుఃఖనిరోధానికి తోడ్పడవు కనుకనే పక్కన పెట్టానని చూళమాలుంక్య సుత్తంలో చెబుతాడు. కర్మఫలం, పరలోకం విషయంలో ఆయన మాట నిస్సంశయం. సృష్టికర్త సంగతి వేరు: కేవట్ట సుత్తంలో మహాబ్రహ్మ తన గొప్పలు చెప్పుకొని, చివరకు భిక్షువును చేయిపట్టి పక్కకు తీసుకుపోయి, ఆ ప్రశ్నకు జవాబు తనకు తెలియదని ఒప్పుకుంటాడు.