ఒక్క ఓటుతో కూలిన మంత్రివర్గము

చరిత్ర చదువుట గతించినవారిని పొగడుటకు మాత్రమే కాదు. మన తప్పొప్పులను మనమే తూచి చూచుకొనుటకును గూడ. ఈ మహాసభా సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయుడని పెద్దలు కోరినప్పుడు, సర్వాయి పాపన్న సాహసములను మరల వర్ణింపక, మన గీతవృత్తితో ముడివడిన మఱియొక సమీపకాలపు ఘట్టమును మేమెన్నుకొంటిమి. 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడి, 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో కూలిపోయిన ఆంధ్రరాష్ట్ర ప్రథమ మంత్రివర్గము కథయే యిది.

మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి ప్రాంతములయందు నేడు ఆకాశము నంటు కార్యాలయములు గలవు. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన పిదప ఈ హైటెక్ సిటీ సీమ స్వరూపమే మాఱిపోయెను. ఇచ్చట కొలువులు చేయు మన యువకులలో శ్రీకాకుళము, గోదావరి సీమలనుండి వచ్చిన శ్రీశయన, శెట్టిబలిజ, ఈడిగ బిడ్డలు గలరు. నల్లగొండ, వరంగల్లు సీమలనుండి వచ్చిన గౌడ బిడ్డలును గలరు. వీరి తాతలందఱును మోకు, గీతకత్తి, లొట్టి పట్టి చెట్టెక్కినవారే. అయినను వారు రెండు వేర్వేఱు చట్టములక్రింద బ్రతికిరి. నైజాము రాజ్యమున కల్లు ఆబ్కారీ ఆదాయమునకు మూలము. పన్నుల భారమెంత యున్నను చెట్టు గీయుట నేరము కాదు. మద్రాసు రాజధానిలోనో, 1937 అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారు సేలము జిల్లాయందు ప్రారంభించిన మద్యనిషేధము చిత్తూరు, కడప జిల్లాలకు ప్రాకి, 1948 నాటికి రాష్ట్రమంతటను వ్యాపించెను. సున్నము పూసిన కుండలలో తీపికల్లు దింపి బెల్లము వండుకొనుటకు అనుమతి దొరకినవారు తప్ప, తక్కిన గీతకార్మికులు తాము నేర్చిన విద్యతో కూడు సంపాదించుకొను దారి లేనివారైరి. ఈ భేదమును మనసునం దుంచుకొన్నగాని పై కథ తెలియదు.

1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు ఆత్మార్పణ మొనర్చిరి. నాలుగు దినములకే ఆంధ్రరాష్ట్రము నిచ్చెదమని నెహ్రూగారు ప్రకటించిరి. మఱుచటి యేడు అక్టోబరు 1వ తేదీన 11 జిల్లాలతో, కర్నూలు రాజధానిగా, రాష్ట్ర మవతరించెను. చాలినన్ని భవనములు లేని ఆ పట్టణమున డేరాలలో కార్యాలయములు నడచెను. 140 మంది సభ్యులుగల శాసనసభలో ఏ ఒక్క పక్షమునకును అధికసంఖ్య లేదు. కాంగ్రెసువారును కమ్యూనిస్టులును ఇంచుమించు సరిసమానులుగా నుండిరి. మిగిలిన బలము ప్రజాసోషలిస్టులు, ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, స్వతంత్రులు మొదలగువారిలో చీలియుండెను. అందుచేత కూటమి లేక ప్రభుత్వము లేదు. ప్రజాసోషలిస్టు పక్షమును వీడివచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారిని కాంగ్రెసువారు ముఖ్యమంత్రిగా నంగీకరించిరి.

అప్పటికి పంతులుగారికి 81 ఏండ్లు. 1928లో సైమను సంఘమును బహిష్కరించు దినములలో మద్రాసు వీథిని తుపాకుల యెదుట ఱొమ్ము చూపి నిలిచిన ధీరు డాయన. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానియై, ఏడాది నిండకుండగనే, 1947 మార్చిలో పదవి కోల్పోయినవాడు గూడ నాయనయే. ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు. వీరు 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రియు, 1977లో భారత రాష్ట్రపతియు నైరి. ఆర్థికశాఖను విశాఖపట్టణపు తెన్నేటి విశ్వనాథంగారు వహించిరి. కడప కోటిరెడ్డిగారును, పట్టాభిరామారావుగారును మంత్రులైరి. కర్నూలు మండలము పెదపాడున పేద దళిత కుటుంబమున జన్మించిన దామోదరం సంజీవయ్యగారు 32 ఏండ్ల వయసున మంత్రియై, 1960లో ముఖ్యమంత్రి పీఠ మధిష్ఠించిరి. ఇట్టి కొలువును అసమర్థుల కూటమి యని యెవరనగలరు? పదమూడు నెలలలోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను. వరదలకు దెబ్బతిన్న బెజవాడ ఆనకట్టకు మారుగా క్రొత్త బారేజి పని మొదలయ్యెను. నేడది ప్రకాశం బారేజి యను పేరనే నిలిచియున్నది.

అట్టి ప్రభుత్వమును కూల్చినది తాటిచెట్టు. మద్యనిషేధము ఫలితములను విచారించుటకు విశ్రాంత ఐ.సి.ఎస్. అధికారియైన ఎస్.వి. రామమూర్తిగారి యధ్యక్షతను ఒక సంఘము నియమింపఁబడెను. నిషేధము ఆశించిన మేలు చేయలేదనియు, దానిని తొలగింపవలసినదనియు ఆ సంఘము సిఫారసు చేసెను. ప్రభుత్వము దానిని అమలుపఱుపలేదు. అడుగకున్న ఆశ లేకపోయెడిది. అడిగి, విని, ప్రక్కన బెట్టుటచే గీతకార్మికుల యాశ ఆగ్రహముగా మాఱెను. శ్రీకాకుళం మండలము బారువలో 1909వ సంవత్సరమున జన్మించి, ప్రజలచే సర్దారను బిరుదము నందిన గౌతు లచ్చన్నగారు ముందు నిలువగా గీతకార్మికుల సత్యాగ్రహము సాగెను. తుదకు 1954 నవంబరు 6వ తేదీన శాసనసభలో మద్యనిషేధ విషయమై అవిశ్వాసతీర్మానము ఓటునకు వచ్చెను. ఇతర విషయములలో ఒకరి మోమొకరు చూడనొల్లని కమ్యూనిస్టులును, కృషికార్ లోక్ పార్టీ మొదలగు పక్షములును నాడొక్కటైరి. తీర్మానము ఒక్క ఓటుతో నెగ్గెను. పంతులుగారు రాజీనామా నిచ్చిరి. నవంబరు 15వ తేదీ మొదలుకొని రాష్ట్రపతిపాలన సాగెను.

మన సభలలో ఈ కథ సాధారణముగా నిచ్చటనే ముగియును, చప్పట్లు మ్రోగును. మేము దీనిని ముగింపఁజాలము. 1955 ఫిబ్రవరి యెన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ కలిసి 196 స్థానములలో 146 గెలుచుకొనెను. మార్చి 28వ తేదీన బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. లచ్చన్నగారును మంత్రియైరి. అయినను మద్యనిషేధము తొలగలేదు! మంత్రివర్గము పోయెను, చట్టము నిలిచెను. 1956 నవంబరు 1వ తేదీన రెండు తెలుగు సీమలును ఏకమైన పిదప, హైదరాబాదు చుట్టుపట్ల గౌడ సోదరులు ఆబ్కారీ కట్టి చెట్లు గీచుచుండగా, అదే రాష్ట్రమున కృష్ణ కావల సోదరులకు అదే పని నేరమై, 1960వ దశాబ్ది కడపటివఱకు నట్లే యుండెను.

ఇందు దోష మెవరిది? పంతులుగారిని మేము దూషింపము. మద్యనిషేధము గాంధీమహాత్ముని యాజ్ఞ. రాజ్యాంగముయొక్క 47వ అధికరణమునను అది చెప్పఁబడినది. త్రాగుడుచే పాడైన కాపురములు మన వాడలలోను గలవని ఒప్పుకొనకున్న మన మాటకు విలువ యుండదు. కాని చెట్టెక్కువానికి మఱియొక జీవనోపాధి చూపకయే చెట్టు మాన్పించిన ధర్మము అసంపూర్ణ ధర్మము. నాటి ప్రభుత్వమువారి పొరపాటు ఇదియే. మన పొరపాటును గలదు. ఎదిరించుటకు ఒక్కటైన పక్షములు అటుపిమ్మట ఏమి చేయవలెనో ముందుగా ఒడంబడియుండలేదు. మన కులమును అట్టి ఒడంబడిక కోరి వ్రాయించుకొనలేదు. ఓటు చేతనున్న దినమున అడుగని వరము, ఓటు పడిన మఱునాడు దొరకదు.

ఈ నగరమున 1957 మే 20వ తేదీన ప్రకాశం పంతులుగారు తనువు చాలించిరి. లచ్చన్నగారు 2006వఱకు జీవించిరి. వీరిరువురును చిరస్మరణీయులే. పంతులుగారినుండి నిర్భయత్వమును, లచ్చన్నగారినుండి సంఘబలమును మనము గ్రహింపవలెను. హైటెక్ సిటీ అద్దాల మేడలయందు కూర్చున్న మన యువకులు, ఇంకను తాటిచెట్టుపైననే బ్రతుకు నిలుపుకొనియున్న పల్లెటూరి అన్నదమ్ములను మఱువరాదు. చెట్టుపైనుండి పడినవాని కుటుంబమునకు దిక్కెవ్వరు, వాని బిడ్డ చదువునకు సాయమెవ్వరు, అను ప్రశ్నలను ఏ పక్షమువారు ఓటడుగవచ్చినను ముందుగానే అడుగుదురు గాక. పోషకులైన మహాశయులు అట్టి బిడ్డల చదువునకు చేయూత నిత్తురుగాక యని ప్రార్థించుచు, ఈ వ్యాసమును కులబాంధవుల కర్పించుచున్నాము.