ఉప్పుగూడ శిలలపై ఆర్మీనియా లిపి

నగర చరిత్రము కోటలయందును, ప్రార్థనాలయములయందును మాత్రమే కాక శ్మశానవాటికలయందు కూడ లిఖింపబడి యుండును. 1591లో వెలసిన భాగ్యనగరమునకు వర్తకమునకై నానాదేశములవారు వచ్చిరి. వారిలో ఆర్మీనియనులు ఒకరు. పాతనగరములోని ఉప్పుగూడలో నేటి ఇండ్ల నడుమ వారి సమాధులున్నవి. ఇవి 17వ శతాబ్దికిని, 18వ శతాబ్ది తొలి భాగమునకును చెందినవి. చందనవెల్లి, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములనుండి నగరమునకు వచ్చువారు చార్మినారును చూతురు, గోలకొండ నెక్కుదురు. ఈ సమాధులకడకు పోవువారు మిక్కిలి అరుదు.

ఎవరీ ఆర్మీనియనులు? 17వ శతాబ్ది ఆరంభమున పారసీక ప్రభువగు షా అబ్బాసు, తురుష్కులతోడి యుద్ధకాలమున, అరాసు నదీతీరమునందలి జుల్ఫా పట్టణవాసులను బలవంతముగా తరలించి, తన రాజధానియగు ఇస్ఫహాను చెంత నిలిపెను. ఊరు పోయినను ఊరి పేరును వారు విడువలేదు. క్రొత్త పేటకు నవజుల్ఫా యని పేరిడుకొనిరి. ఇరాను పట్టు వ్యాపారమున ఆరితేరి, ఆ శతాబ్దిలోనే పడమట ఆంస్టర్డాము మొదలుకొని తూర్పున మనీలా వరకు వ్యాపించిరి.

వారిని గోలకొండకు రప్పించినవి మన దేశపు సరకులే. కృష్ణాతీరమునందలి కొల్లూరు గనుల వజ్రములును, కోస్తా మగ్గముల వస్త్రములును, అద్దకములును ఆనాడు లోకప్రసిద్ధములు. మచిలీబందరు రేవు గోలకొండకు సముద్రద్వారము. బందరునుండి రాజధానికి వచ్చు బాటలో తెలుగు కోమటులు, పారసీకులు, ఒలందావారు, ఆంగ్లేయులు, ఆర్మీనియనులు నడచిరి.

నవజుల్ఫా వర్తకమున ఒక ఏర్పాటు కలదు. ధనవంతుడు ఇంటియొద్దనే యుండి పెట్టుబడి పెట్టును. ప్రతినిధి యగువాడు ఆ ధనముతో దేశాంతరమేగి, కొని, అమ్మి, లాభములో సామాన్యముగా నాల్గవ వంతు గైకొనును. తిరిగి వచ్చి పైసాపైసాకును లెక్క అప్పగింపవలెను. హోవహన్నెస్ అను ప్రతినిధి 1682లో బయలుదేరి, మన దేశము మీదుగా టిబెట్టులోని లాసా చేరి, సంవత్సరముల తరబడి వ్రాసుకొన్న ఖాతా పుస్తకము నేటికిని లిస్బనులో భద్రముగా నున్నది. తిరిగి లెక్క అప్పగింపలేకపోయిన వారెందరో! ఉప్పుగూడ శిలలను చూచినపుడు ఆ తలపు రాక మానదు.

ఆ శిలలపై నున్నది 5వ శతాబ్దిలో మెస్రోప్ అను పండితుడు కూర్చిన ఆర్మీనియా లిపి. ఆ లిపిలో అక్షరములే అంకెలుగా కూడ చెల్లును. వారి శకము క్రీ.శ. 552లో మొదలగును గనుక, శిలపై నున్న సంవత్సరమునకు 551 కలిపినచో మన లెక్కకు వచ్చును. 1100 అని యున్నచో అది 1651 అని గ్రహింపవలెను. ఇచట వర్తకులతో బాటు మతాచార్యులును సమాధి చేయబడిరి. దీనినిబట్టి ఒక ముఖ్యవిషయము తెలియుచున్నది. బాటసారులకు ఆచార్యుడు వెంటరాడు. ఆచార్యుడున్న చోట పెండ్లిండ్లును, పూజలును, పండుగలును ఉండును. కావున వీరు వచ్చిపోయినవారు కారు, ఇచట కాపురమున్నవారు.

1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. వర్తకము క్రమముగా చెన్నపట్టణమునకును, కలకత్తాకును తరలెను. ఆర్మీనియనులును అటే మరలిరి. చెన్నపట్టణమున 1726లో అడయారు నదిపై వంతెన కట్టించిన ఖోజా పెట్రస్ ఉస్కాను వారివాడే. 1751లో అతడు మరణించగా, అతని కోరిక మేరకు హృదయమును జుల్ఫాకు చేర్చిరని చెప్పుదురు. ప్రపంచమున తొలి ఆర్మీనియా పత్రిక 1794లో వెలువడినదియు చెన్నపట్టణముననే. ఉప్పుగూడవారికి అట్టి ఖ్యాతి లేదు. వారి హృదయములు మన మట్టిలోనే నిలిచినవి.

కలకత్తా చెంత అచీపురమున మరియొక వలసదారుని సమాధి కలదు. 18వ శతాబ్ది చివర వారన్ హేస్టింగ్సునుండి భూమి పొంది చక్కెర మిల్లు పెట్టిన చీనా దేశస్థుడు తోంగ్ అచ్యూ అచట నున్నాడు. కలకత్తా చీనీయులు తమ నూతన సంవత్సర దినములలో అచటికేగి ధూపదీపములర్పింతురు. పేరు నిలుపువారున్నారు గనుక అతని పేరు నిలిచినది. ఉప్పుగూడవారికి ఈ నగరమున అట్టి సంతతి లేదు. కలకత్తాకు చెందిన ఆర్మీనియా చరిత్రకారుడు మెస్రోవ్ జేకబ్ సేత్ 1937లో ప్రకటించిన గ్రంథమున ఈ సమాధులకు చోటిచ్చి గొప్ప యుపకారమొనర్చెను. కాని గ్రంథమున మాట నిలుచునే గాని చోటు నిలువదు. ఒక్క శిల పెకలించి గడపగా వేసినచో, దాని క్రింద నున్న మనుజుడెవరో మరల చెప్పగలది మరొకటి యుండదు.

మన ఇండ్లలో పితరులకు పెట్టునపుడు, పెట్టువారు లేనివారికి కూడ ఒక పిండము పెట్టు ఆచారము కలదు. ఉప్పుగూడ సమాధులు మననుండి కోరునది అంతకంటె అధికము కాదు. చుట్టును గోడ నిలుపుట, కలుపు తీయుట, ప్రతి శిలకును ఛాయాచిత్రము తీసి తెలుగున వివరించుట, బడిపిల్లలకు చూపుట: ఇవి భారమైన పనులు కావు. ఇవి జరిగినచో, పోయిన జుల్ఫా పేరును తరతరములుగా మోసిన ఆ జనులకు మన నగరమున కూడ ఒక పేరు మిగులును.