హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమ

1897 ఆగస్టు 20. సికింద్రాబాద్ పక్కన బేగంపేట. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. సైనిక ఆస్పత్రి గదిలో ఉక్క పోస్తోంది. అయినా పంకా లాగించడం లేదు. గాలి కొడితే గాజు పలక మీది దోమ ముక్కలు ఎగిరిపోతాయి మరి. చెమట కారి కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలింది. ఆ పగిలిన అద్దం మీదికే వంగి కూర్చున్నాడు నలభై ఏళ్ల డాక్టర్ రొనాల్డ్ రాస్.

నాలుగు రోజుల కిందట, 16న, మలేరియాతో ఉన్న హుసేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి, రెక్కల మీద మచ్చలున్న గోధుమ రంగు దోమలను వదిలారు. దోమకు అణా చొప్పున పది దోమలకు పది అణాలు అతనికి ముట్టాయి. శాస్త్రం కోసం ఒళ్లప్పగించిన ఆ మనిషి పేరు రాస్ పేరు పక్కనే ఉండాలని నా పట్టుదల.

అంతకుముందు వేరే జాతి దోమలను కోసి కోసి రాస్ విసిగిపోయి ఉన్నాడు. ఈ దోమలోనూ ఒక్కో భాగం వెతికాడు. ఏమీ లేదు. కళ్లు లాగేస్తున్నాయి. కడుపు గోడ ఒక్కటే మిగిలింది. వదిలేద్దామా? వదల్లేదు.

అక్కడ కనబడింది ఒక గుండ్రటి కణం. దోమ కడుపు కణాలకు అంత తేటైన అంచు ఉండదు. కాస్త జరిపి చూస్తే ఇంకొకటి. దృష్టి సరిచేసుకుని లోపలికి చూశాడు. నల్లటి రేణువులు! రోగుల రక్తంలో, మలేరియా క్రిమిలో తాను ఎన్నోసార్లు చూసిన రేణువులే. మర్నాడు ఆఖరి దోమను కోస్తే ఆ కణాలు మరింత పెరిగి ఉన్నాయి. మలేరియా క్రిమి దోమలో బతుకుతోంది, ఎదుగుతోంది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథను ఇక్కడ ఆపేయడం మనకు అలవాటు. నన్ను ఎక్కువ కదిలించేది తరువాయి భాగం. ఆ క్రిమి ఎవరి చుట్టం?

ఏ ఊరి కుంట నీళ్లు తీసి చూసినా పారమీషియం దొరుకుతుంది. ఒకే కణం. ఒళ్లంతా శైలికలు, వాటితోనే ఈత. బతుకు నడపడానికి ఒక పెద్ద కేంద్రకం, సంతతికి అందించడానికి ఒక చిన్న కేంద్రకం. ఇలాంటి జీవులే సీలియేట్లు. దోమలో, మనిషి రక్తంలో దాక్కునే మలేరియా క్రిమి ప్లాస్మోడియానికి ఆ శైలికలు లేవు, ఆ జంట కేంద్రకాలూ లేవు. చూపులో పోలిక లేదు, బతుకులో అంతకన్నా లేదు. మరి ఇవి చుట్టాలో కాదో ఎలా తేలుతుంది?

కడప జిల్లా కలమల్ల శాసనం మీద సంవత్సరం లేదు. అది క్రీ.శ. 575 ప్రాంతం నాటిదని పండితులు చెప్పేది ప్రధానంగా అక్షరాల తీరును బట్టే. కణాల వంశం చదవడమూ అలాంటిదే. ఏ లక్షణం తొందరగా మారుతుందో, ఏది తరాలు గడిచినా నిలుస్తుందో తెలియాలి. సీలియేట్ల నోరు తిండిని బట్టి మారుతుంది. శైలిక మొదట్లో ఉండే సన్నని పోగుల అమరిక మాత్రం అంత తేలిగ్గా మారదు. సీలియేట్ల వంశవృక్షానికి ఆ పోగుల అమరికనే ఆధారం చేసుకోవాలని కెనడా శాస్త్రవేత్త డెనిస్ లిన్ 1976లో వాదించాడు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక ఇంకా లోతైన గుర్తు బయటపడింది. పారమీషియం పైపొర కింద చదునైన సంచులు వరసగా పరుచుకుని ఉంటాయి. పేరు అల్వియోలై. ప్లాస్మోడియం పొర కిందా అలాంటి సంచులే! పారమీషియంలో అవి కాల్షియం దాచే గాదెలు. ప్లాస్మోడియంలో మాత్రం, మన కణంలోకి చొరబడేటప్పుడు దాన్ని ముందుకు నెట్టే యంత్రాంగానికి అవే ఊతం. నిర్మాణం ఒకటే, కొలువులు వేరు. సముద్రాన్ని ఎర్రబార్చే డైనోఫ్లాజెల్లేట్లలోనూ ఈ సంచులున్నాయి.

1991లో రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ వరసలను పోల్చినప్పుడు ఈ మూడు గుంపులూ ఒకే వంశమని తేలింది. ఆ పోలికలో వాడిన జీవుల్లో గోమార్ల ద్వారా మన పశువులకు సోకే థైలేరియా కూడా ఉంది. ఆ సంచులకు ఆసరాగా ఉండే ప్రోటీన్ల కుటుంబం మూడింటిలోనూ ఉందని 2008లో నిరూపించి, వాటికి అల్వియోలిన్లని పేరు పెట్టారు.

పారమీషియం బొమ్మ గీయించే ప్రతి జీవశాస్త్ర ఉపాధ్యాయుడికీ నాదొక విన్నపం. శైలికలతో ఆపకండి. పొర కింద ఆ సంచుల వరస కూడా గీయించండి. మలేరియా క్రిమి దాని దాయాది అని చెప్పండి. చెప్పేటప్పుడు హుసేన్ ఖాన్ పేరు మరవకండి.