ఢిల్లీ ఇళ్లలో విద్యుత్ పొదుపు, స్వచ్ఛమైన గాలి: రెండూ సాధించేదెలా?

న్యూఢిల్లీ: వేసవిలో 45 డిగ్రీలను తాకే ఎండ, చలికాలంలో ఊపిరి సలపనివ్వని కాలుష్యం. దేశ రాజధాని ప్రాంతంలో ప్రతి ఇల్లూ ఈ రెండింటినీ తట్టుకోవాలి. తలుపులు, కిటికీలు బిగిస్తే ఏసీ ఖర్చు తగ్గుతుంది, బయటి ధూళి లోనికి రాదు. అయితే వంట పొగ, అగరువత్తుల పొగ, మనుషులు విడిచే కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుపోతాయి. అందుకే వేడిని ఆపడం, గాలిని మార్చడం అనే రెండు పనులనూ నిర్మాణ దశలోనే కలిపి ఆలోచించాలి.

నిబంధనలు ఏమిటి?

కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) నివాస భవనాల కోసం రూపొందించిన ‘ఎకో నివాస్ సంహిత’ 2018 డిసెంబరు 14న విడుదలైంది. 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని నివాస భవనాలను దృష్టిలో ఉంచుకొని దీనిని తయారుచేశారు. గోడలు, కిటికీల ద్వారా లోనికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదు. ఢిల్లీ వంటి మిశ్రమ వాతావరణ ప్రాంతాల్లో బయటికి తెరుచుకునే తలుపులు, కిటికీల వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం 12.5 శాతం ఉండాలి. అంటే 100 చదరపు మీటర్ల ఇంటికి 12.5 చదరపు మీటర్లు. వేడిని అడ్డుకోవడంతోపాటు గాలికి దారి ఇవ్వడమూ ఈ సంహిత లక్ష్యమే.

వేడిని ఆపే మార్గాలు

దక్షిణ కిటికీలపై తగిన వెడల్పు గల సజ్జ ఉంటే వేసవిలో నడినెత్తి ఎండను ఆపుతుంది, చలికాలంలో వాలుగా పడే ఎండను రానిస్తుంది. పడమటి ఎండకు సజ్జ ఒక్కటే చాలదు; చెట్లు, కిటికీ బయట వేలాడే తడకలు మేలు. అద్దాన్ని చేరకముందే ఎండను ఆపుతాయి కనుక ఇవి లోపలి పరదాల కంటే ఎక్కువ ఫలితమిస్తాయి. పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లని పూత చవకైన ఉపాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసమే ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించింది.

కిటికీ ఎప్పుడు తెరవాలి?

సూక్ష్మ ధూళికణాల (పీఎం 2.5) 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదని భారత ప్రమాణం, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15 మాత్రమే. చలికాలంలో రాత్రి, తెల్లవారుజామున కాలుష్యం నేలకు దగ్గరగా నిలిచిపోతుంది. ఎండ ఎక్కాక సాధారణంగా కొంత చెదురుతుంది. అందువల్ల ఆ రోజు గాలి నాణ్యత సూచీని చూసుకొని, మధ్యాహ్నం కొంతసేపు కిటికీలు తెరవడం మేలు. వేసవిలో ఇందుకు భిన్నంగా పగలు మూసి, బయట చల్లబడిన తరువాత తెరవాలి.

యంత్రాల పరిమితులు

సాధారణ స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, తాజా గాలిని తీసుకురాదు. హెపా ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ ధూళికణాలను పట్టుకుంటుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించలేదు. వంటింట్లో పొగను బయటికి పంపే ఫ్యాను తప్పనిసరి.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం బొగ్గుల కుంపటి. మూసిన గదిలో దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. చలికాలంలో రాజధాని ప్రాంతంలో ఇటువంటి మరణాలు తరచూ నమోదవుతున్నాయి. కుంపటిని పడకగదిలోకి తీసుకురాకపోవడమే సురక్షితం.